బైరం నీడ ఆగిన గురువారం

హిజ్రీ పదకొండు వందల నలభైమూడు, రబీ ఉల్ ఆఖిర్ నెల పదమూడో రోజు, గురువారం, సాయంత్రపు అసర్ నమాజుకి ఇంకా ఘడియ ఉందనగా, అక్‌దరా కోటలో తూర్పు గోడని ఆనుకుని ఉన్న ఇంట్లో సనూబర్ తుమ్మింది. ఒక్కసారే తుమ్మింది. మా ఇంట్లో ఈ సంగతి చెప్పినవాళ్లందరూ ఆ 'ఒక్కసారే' అన్నమాట దగ్గర కాస్త ఆగి, మళ్లీ అనేవాళ్లు. ఒక్కసారే.

కోటని ఇరాన్ షా సైన్యం చుట్టుముట్టి అప్పటికి నలభై రోజులైంది. లోపల ఉన్నది రూమ్ సుల్తాన్, అంటే టర్కీ పాదుషా, మనుషులు. పన్నెండేళ్ల కిందట షా మనుషులు లోపల ఉంటే సుల్తాన్ ఫిరంగులు బయట ఉన్నాయి. ఊళ్లో జనానికి ఇవన్నీ అలవాటే. ఎవరు లోపలున్నా రొట్టె చేసుకోవాలి, నమాజు చదువుకోవాలి, బట్టలుతుక్కోవాలి.

సనూబర్ తెల్లవారుజాము ఫజర్ నమాజుకి ముందే లేచేది. చెంబెడు నీళ్లతోనే కాళ్లూ చేతులూ మొహం కడుక్కుని వజూ చేసుకునేది. కొండ అడుగు నుంచి భూమిలోపలగా ఊరికి నీళ్లు తెచ్చే కరేజు కాలువని శత్రువులు పైనే కట్టేశారు మరి. నమాజయ్యాక బార్లీ పిండిలో తవుడు కలిపి చెక్క తొట్టిలో పిసికేది. ఆ చప్పుడుకి అత్త గుల్‌అందాం లేచి, దుప్పటి భుజాల మీదికి లాక్కుని, గోడకేసి మొహం తిప్పి కూర్చునేది. ఆమెకి చూపు పోయి పదేళ్లయింది.

"ఏం చేస్తున్నాడే వాడు?" అని అడిగేది.

సనూబర్ పడమటి గోడ వైపు చూసేది. "లేచారత్తయ్యా. నమాజయింది. తలపాగా చుట్టుకుంటున్నారు."

"గడ్డం దువ్వుకున్నాడా?"

"లేదు."

"దువ్వుకోడు. వాళ్ల నాన్నా అంతే. పెళ్లిరోజున గడ్డంలో గడ్డిపరకతో వచ్చాడు, మహానుభావుడు."

సనూబర్ మొగుడు బైరం కరేజులు తవ్వే మేస్త్రీ. ముట్టడి మొదలైన రోజు ఇంకా తెల్లారకముందే కాలువలో పూడిక తియ్యడానికి వెళ్లాడు. మధ్యాహ్నానికల్లా కోట తలుపులు మూసేశారు. మనిషి బయట, శత్రువుల చేతిలో ఉండిపోయాడు. మరీ చీకటితో లేచి వెళ్లాడేమో, అతని నీడ ఇంకా లేవలేదు. అది ఇంట్లోనే, పడమటి గోడ మీద ఉండిపోయింది. బయట అతనేం చేస్తే లోపల అదీ అదే చేసేది. అతను తింటే అది నోటికి చెయ్యి పెట్టేది. పడుకుంటే గోడ అడుగున, నేలవార నిలువునా సాగిపడుకునేది. చేతిలో పలుగు ఉంటే పలుగు నీడ కూడా ఉండేది. వీధిలో వాళ్లు లోపలికి తొంగి చూసి "బైరం ఇంకా బాగానే ఉన్నాడా?" అని అడిగి, ఉన్నాడని తెలుసుకుని, తమ పని మీద వెళ్లిపోయేవాళ్లు. కోటగోడ మీద కాపలావాళ్లు కూడా దూరంగా శత్రువుల డేరాల్లో అతన్ని తేలిగ్గా గుర్తుపట్టేవాళ్లు. అంత ఎండలోనూ నీడ లేకుండా తిరిగేది అతనొక్కడే.

మొదటివారంలో సనూబర్ పిండి కోసం వరసలో నిలబడి, తమ ఇంటికి ముగ్గురికి ఇమ్మంది.

పిండి కొలిచేవాడు నవ్వాడు. "నీడ కూడా తింటుందా అక్కా?"

"తినదు. కానీ పొద్దున్నే మూడు రొట్టెలు చేస్తేనే మా అత్తయ్య ముద్ద ముడుతుంది."

"అయితే రెండు రొట్టెల పిండితోనే మూడు చెయ్యి," అని అతను ఇద్దరికే కొలిచిపోశాడు.

ఆమె అలాగే చేసేది. చిన్నచిన్న రొట్టెలు మూడు. మూడోదాన్ని గోడ దగ్గర పెట్టి, పొద్దెక్కాక అత్తాకోడళ్లు చెరిసగం తినేవాళ్లు.

ఎవరూ లేనప్పుడు సనూబర్ నీడతో మాట్లాడి చూసింది. ఇంట్లో ఉప్పు అయిపోయిందని చెప్పింది. పక్కింటి ఆవిడకి ఆడపిల్ల పుట్టిందని చెప్పింది. నీడ ఒక్కసారైనా తల తిప్పలేదు. దాని చేతి మీద చెయ్యి పెడితే తగిలేది సున్నం గోడే. రాత్రుళ్లు పరుపు గోడవారగా జరుపుకుని, దాని పక్కనే పడుకునేది. మనిషి దూరంగా ఉంటే ఏనాటికైనా వస్తాడని ఎదురుచూడొచ్చు. కళ్లెదుటే ఉండి పలకకపోతే ఏమని ఎదురుచూడాలో ఆమెకి తెలిసేది కాదు. ఆ మాట ఎవరితోనూ అనలేదు. నమాజయ్యాక దువాలో మాత్రం అడిగేది, ఒక్కసారి ఇటు తిరిగేలా చెయ్యి అల్లా అని.

ముట్టడి ఇరవయ్యో రోజు నుంచి నీడ వంగి తవ్వడం మొదలుపెట్టింది.

"కాలువ బాగుచేస్తున్నట్టున్నారు అత్తయ్యా."

"కాలువకి అడ్డుకట్ట వేసినవాళ్లే బాగుచేయిస్తారటే?" అంది గుల్‌అందాం. నడుముకి కట్టుకున్న సంచిలోంచి ముక్కుపొడి డబ్బీ తీసి, చిటికెడు పీల్చింది. "గోడ కిందికి సొరంగం తవ్విస్తున్నారు. మందుగుండు పెడతారు. కొరడా పట్టుకుని వెనక నిలబడితే ఎవడు తవ్వడు?"

మర్నాడే ఇద్రీస్ ఆగా వచ్చాడు. కోట కింద శత్రువుల సొరంగాలు కనిపెట్టే పని అతనిది. సముద్రం అవతలి రూమేలీ నుంచి వచ్చి, ఈ రాళ్ల మధ్య పదేళ్లుగా ఒంటరిగా వంట చేసుకుంటున్నవాడు. గుమ్మంలో చెప్పులు విప్పి, లోపలికి రాగానే, మేస్త్రీకి ఇచ్చే మర్యాదతో, గోడకి సలాం చేశాడు.

"అస్సలాము అలైకుం, ఉస్తా బైరం." తర్వాత సనూబర్ వైపు తిరిగాడు. "చెల్లెమ్మా, మీ ఇల్లు తూర్పు గోడకి ఆనుకుని ఉంది. ఈ డప్పు ఇక్కడ నేల మీద ఉంచుతాను. దీని మీద గుప్పెడు ఎండు శనగలు. అడుగున ఎవరైనా తవ్వితే శనగలు గెంతుతాయి. గెంతాయంటే నాకు కబురు చెయ్యి."

"శనగలు తినెయ్యకూడదన్నమాట," అంది గుల్‌అందాం.

"ఒకటి రెండు తిన్నా ఫరవాలేదు పెద్దమ్మా. డప్పు మాత్రం తినకు."

రోజూ అసర్‌కి ముందు వచ్చి శనగలు చూసిపోయేవాడు. కాసేపు కూర్చునేవాడు కూడా. ఆ కాసేపు సనూబర్‌కి బాగుండేది. లోపల ముయజ్జిన్ అజాన్ ఇచ్చేవాడు, కాసేపటికి శత్రువుల డేరాల్లోంచి ఇంకో అజాన్ వినిపించేది, షియాల పద్ధతిలో, ఒకటి రెండు మాటలు తేడాగా. గుల్‌అందాం రెండింటికీ జవాబు చెప్పేది.

"వాళ్ల అజాన్‌కి కూడానా పెద్దమ్మా?" అన్నాడొకసారి ఇద్రీస్ ఆగా.

"నా కొడుకు నిలబడేది ఆ అజాన్‌కే కదా బాబూ."

కరేజు తవ్వేవాళ్ల ఇళ్లలో ఒక కట్టడి ఉంది. వాళ్లు కాలువలోకి దారిచ్చే బావిలోకి దిగబోతూ ఒక్క తుమ్ము వింటే ఆగిపోతారు. సబర్ వచ్చింది, ఓపిక పట్టాలి అంటారు. తర్వాతి నమాజు అయ్యేదాకా తాడు ముట్టరు. ఎంత పెద్దవాడు గద్దించినా దిగరు, మేస్త్రీ దిగకపోతే కూలీల్లో ఒక్కడూ దిగడు. గద్దించే పెద్దవాడు కూడా ఆ నేలమీద పుట్టినవాడే కాబట్టి మరీ గట్టిగా గద్దించడు. అదే రెండో తుమ్ము వచ్చిందా, ఇక ఆలస్యం చెయ్యకూడదు. వెంటనే దిగాల్సిందే. బైరం తండ్రి ఒకనాడు ఒక్క తుమ్ముని లెక్కచెయ్యకుండా దిగాడు. అతని ఎముకలు ఇంకా ఆ కొండ కింద ఎక్కడో ఉన్నాయి. అప్పట్నుంచీ గుల్‌అందాం, కొడుకు పనికి బయల్దేరే వేళ ముక్కుపొడి డబ్బీ మూత తీసేది కాదు.

సనూబర్ నిఖా రోజున మౌల్వీ గారు పెళ్లి ప్రసంగం ఖుత్బా మొదలుపెట్టబోతూ ఒకసారి తుమ్మారట. పెళ్లివారందరూ చతికిలబడ్డారు. రెండో తుమ్ము వచ్చేదాకా నిఖా లేదు. పులావు చల్లారిపోతోంది. చివరికి పెళ్లికొడుకే లేచి, తల్లి నడుములోంచి డబ్బీ లాగి, మౌల్వీ గారి ముక్కు కింద పెట్టాడు. ఆ కథ చెప్పినప్పుడల్లా గుల్‌అందాం పొట్ట పట్టుకుని నవ్వేది, "అంత తొందరే నీకోసం వాడికి!" అని.

బుధవారం మధ్యాహ్నం శనగలు కదిలాయి.

సనూబర్ చేతిలో పని వదిలేసి డప్పు దగ్గర కూర్చుంది. మూడు సార్లు గెంతి ఆగాయి. మళ్లీ మూడు సార్లు గెంతి ఆగాయి. తలెత్తి గోడ చూసింది. నీడ మూడు దెబ్బలు వేసి, ఒకసారి ఊపిరి తీసుకుని, మళ్లీ మూడు దెబ్బలు వేస్తోంది. బైరంకి మొదట్నించీ అదే అలవాటు. నీడ పలుగు దిగినప్పుడల్లా డప్పు మీద శనగలు లేస్తున్నాయి.

ఆమె గబుక్కున డప్పు మీద రెండు చేతులూ పరిచింది.

గుల్‌అందాం అరిచేతులు నేలకి ఆన్చింది. కళ్లున్న కోడలికన్నా ఆమెకే ముందు తెలిసినట్టుంది. "వాడు ఇంటికి వస్తున్నాడే," అంది మెల్లగా. "చూడు, తెలిసిన దారినే వస్తున్నాడు."

ఇద్రీస్ ఆగా వచ్చేసరికి కింద చప్పుడు ఆగింది. "ఏమైనా ఉందా చెల్లెమ్మా?" అన్నాడు.

"ఏం లేదాగా."

అతను వెళ్లాక ఆమె అసర్‌కి నిలబడింది. నమాజులో ఎన్ని వరసలు, ఎన్ని రకాతులు చదివిందో గుర్తులేక మళ్లీ మొదలుపెట్టింది. మళ్లీ మర్చిపోయింది. మూడోసారికి జానమాజు చాప మడిచి ఒళ్లో పెట్టుకుని అలాగే కూర్చుండిపోయింది. చెప్తే బైరం పోతాడు. చెప్పకపోతే గోడ పోతుంది. పక్కింట్లో పన్నెండు రోజుల పిల్ల పాలు చాలక గుక్కపట్టి ఏడుస్తోంది. ఆ ఏడుపు తూర్పు గోడకి తగిలి తిరిగి ఈ ఇంట్లోకే వచ్చేది. ఆ పిల్లే మా అమ్మమ్మకి అమ్మమ్మ. సనూబర్ నోటి నుంచి ఈ కథ విన్నదీ, మాదాకా తెచ్చిందీ ఆవిడే.

గురువారం మధ్యాహ్నపు జుహర్ నమాజు అయ్యాక సనూబర్ తలమీద ముసుగు సర్దుకుని, తనే వెళ్లి ఇద్రీస్ ఆగాకి చెప్పింది.

అతను వచ్చి డప్పు చూశాడు, గోడ చూశాడు. సలాం చెయ్యడం కూడా మర్చిపోయాడు.

"మా వైపు నుంచి ఒక సొరంగం సిద్ధంగా ఉంది," అన్నాడు. "అడ్డంగా పొడిచి, గంధకం పొగ వదిలి, పైకప్పు కూల్చేస్తాం. అసర్ అజాన్ అవుతుండగానే. వాళ్లు మధ్యాహ్నం తిండికి పైకి వెళ్లి, అసర్‌కి ముందు మళ్లీ దిగుతారు. ఈ పూట దిగితే మందుగుండు పెట్టేస్తారు. అంతకన్నా ఆగలేను."

"ఇప్పుడే కూల్చెయ్యండి ఆగా. పైన ఉండగానే."

"ఇంకా మూరెడు రాయి అడ్డముంది చెల్లెమ్మా. ఆ రాయి పగలడానికే అసర్ అవుతుంది." అతను గోడవైపు చూడకుండా చెప్పులు తొడుక్కున్నాడు. "రోజూ అతనికి సలాం చెప్పేవాణ్ణి నేను. నా చేతులతో ఈ పని నాకు రాసిపెట్టాడు దేవుడు."

అతను వెళ్లిపోయాడు. సనూబర్ ఇంటికి తలుపు వేసుకుని గోడ ముందు నిలబడింది. నీడ కూర్చుని తింటోంది. "దిగకండి," అంది. నీడ నోరు తుడుచుకుంది. "మీకు దణ్ణం పెడతాను, ఈ పూటకి దిగకండి." నీడ లేచింది. గోడ మీద గుద్దింది సనూబర్. సున్నం పెచ్చు రాలింది అంతే. ఏం చెయ్యాలో తోచక వెనక్కి వచ్చి, మర్నాటి పిండి తొట్టి ముందు కూర్చుని పిసకడం మొదలుపెట్టింది. కన్నీళ్లు పిండిలో పడుతుంటే, ఉప్పు లేని లోటు తీరిందని అత్త రేపు అంటుంది కాబోలనుకుంది.

"ఏం చేస్తున్నాడే?" అంది గుల్‌అందాం. ఆమెకి ఇంకా ఏమీ చెప్పలేదు.

"రెండు రకాతులు చదువుతున్నారు. దిగే ముందు చదివేవి."

"తాడు కట్టుకున్నాడా?"

అప్పుడు సనూబర్ పిండి చేతులతోనే అత్త దగ్గరికి వెళ్లింది. "అత్తయ్యా, మీ డబ్బీ ఇవ్వండి."

"నీకెందుకే ముక్కుపొడి? వయసులో ఉన్నదానివి, నా ముక్కులా తయారవుతుంది నీది."

"ఆగా వాళ్లు అసర్‌కి కింద పొగ పెడుతున్నారు. నేనే చెప్పొచ్చాను. ఆయన తాడు కట్టుకుంటున్నారు."

గుల్‌అందాం సంచి ముడి పళ్లతో తెంపి, డబ్బీ కోడలి చేతిలో పెట్టింది.

సనూబర్ ఎప్పుడూ ముక్కుపొడి ఎరగదు. ఎంత తీసుకోవాలో తెలీక నిండు చిటికెడు పీల్చేసింది. కళ్లల్లోంచి నీళ్లు కారాయి. గోడ మీద నీడ నడుముకి ముడి బిగించుకుని, ఒక కాలు ఎత్తి, బావిలో పెట్టబోతోంది.

సనూబర్ తుమ్మింది.

నలభై రోజులు ఆమె ఏడుపు వినని నీడ, ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆగిపోయింది.

ఇంతలో రెండో తుమ్ము బయల్దేరింది. పొడి ఎక్కువైంది కదా, అది ఒక్కదాంతో పోయేలా లేదు. ముక్కు మొదట్లో కోపంగా గిలిగింతలు పెడుతూ పైకి పాకుతోంది. సనూబర్ నోరు తెరిచింది, మూసింది, మళ్లీ తెరిచింది.

"వద్దే!" గుల్‌అందాం కేకపెట్టింది. "రెండోది వద్దే తల్లీ, వాణ్ణి తోసేస్తావు!"

సనూబర్ తొట్టి మీదికి వంగి, పిండిముద్దలో మొహం కూరేసింది. గుల్‌అందాం తడుముకుంటూ వచ్చి, కోడలి మెడ దొరకపుచ్చుకుని, రెండు చేతులతో బలమంతా పెట్టి అదిమింది. పైన అత్త ఆపద కాచే ఆయతుల్ కుర్సీ చదువుతోంది. కింద కోడలికి ముక్కులోకి, నోట్లోకి పిండి వెళ్లింది, చెవుల్లో నెత్తురు హోరెత్తింది. తుమ్ము గొంతుదాకా వచ్చి, తిరిగి ఛాతీలోకి దిగి, అక్కడ రెండుమూడు సార్లు కొట్టుకుని, ఎటో పోయింది.

అత్త చదవడం ముగించి చేతులు తీసింది. "ఏం చేస్తున్నాడు?"

సనూబర్ కళ్లమీది పిండి తుడుచుకుని చూసింది. నీడ గొంతుక్కూర్చుని ఉంది. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, పనిలేనివాళ్లు కూర్చున్నట్టు.

"కూర్చున్నారు."

"అల్‌హందులిల్లా."

"అత్తయ్యా..." సనూబర్ లేచి నిలబడింది. "ఇటు తిరిగారు."

నీడకి కళ్లూ ముక్కూ ఉండవు. ఎటు తిరిగినా నల్లగా ఒకటే. అయినా తిరిగిందని ఆమెకి తెలిసింది. తుమ్మిందెవరా అని వెతుక్కున్నట్టు, ఇన్నాళ్లకి తనకేదో తక్కువైందని తోచినట్టు అది లేచి నిలబడింది. తర్వాత గోడ దిగింది. నేల మీద పరుచుకుని, పిండి తొట్టి మీదుగా, సనూబర్ పాదాల మీదుగా, గుమ్మం కిందనుంచి బయటికి వెళ్లిపోయింది. పాదాల మీదుగా వెళ్లినప్పుడు ఆ కాస్తమేర చల్లగా అనిపించిందని ఆమె ముసలితనంలో కూడా చెప్పేదట.

అసర్ అజాన్ వినిపించింది. అది పూర్తవకముందే నేల అడుగున ఏదో పెద్ద బరువు కూలినట్టు అదిరింది. డప్పు మీద శనగలన్నీ ఒక్కసారి ఎగిరి నాలుగుమూలలకీ దొర్లాయి. ఆ వెనకే డేరాల్లోంచి రెండో అజాన్. గుల్‌అందాం రెండింటికీ జవాబు చెప్పింది.

పొద్దుగుంకే మగ్రిబ్ నమాజుకి ముందు ఇద్రీస్ ఆగా వచ్చాడు. మొహం నిండా మసి. గుమ్మంలోనే నిలబడ్డాడు.

"సొరంగం పూడిపోయింది. లోపల ఒక్క చెప్పు కూడా దొరకలేదు. గోడెక్కి చూశాను. తవ్వేవాళ్లు ఆరుగురూ బావి ఒడ్డున తెల్లటి పనిబట్టల్లో కూర్చుని ఉన్నారు, ఎవడూ దిగలేదు. వాళ్ల సర్దారు పక్కనే చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఎందుకాగారో నాకు అంతుబట్టలేదు."

"తుమ్ము వచ్చుంటుంది," అంది గుల్‌అందాం.

"తుమ్మా?"

"నీకు తెలీదులే బాబూ. మీ ఊళ్లో తుమ్మితే ఏం చేస్తారు?"

"ముక్కు తుడుచుకుంటాం." అతను సనూబర్ వైపు చూశాడు. "ఇంకో సంగతి చెల్లెమ్మా. మీ ఆయన్ని గుర్తుపట్టడానికి ఇవాళ కష్టమైంది. నీడ ఉంది. సాయంత్రపు ఎండ కదా, ఇంతపొడుగు, వాగుదాకా పడుతోంది."

సనూబర్ తలూపింది. అతను లోపలికి తొంగి చూసి, ఖాళీ గోడ చూసి వెళ్లిపోయాడు.

పదకొండు రోజులకి మంచు ముందుగా పడింది. షా సైన్యం డేరాలు ఎత్తేసి, కరేజు మేస్త్రీలు తమకీ కావాలని వాళ్లని వెంట తీసుకుపోయింది. రెండు రాజ్యాల నడుమ దారి మూతపడింది. అవతల ఒక ఊళ్లో గడ్డం దువ్వుకోని మేస్త్రీ ఒకడు కాలువలు తవ్వుతున్నాడని ఏళ్ల తర్వాత ఒక బేహారి చెప్పాడు. అంతే. కానీ ఈ సంగతి చెప్పే మా ఆడవాళ్లెవరూ మంచుదాకా వెళ్లరు. ఆ మర్నాటి పొద్దున్న దగ్గరే ఆపుతారు.

మర్నాడు శుక్రవారం. సనూబర్ ఫజర్‌కి లేచింది. పరుపు గోడవార నుంచి తీసి, అత్త పరుపు పక్కకి జరిపింది. పిండి తొట్టి మీది బట్ట తీసింది. ముద్ద రాత్రంతా ఆరి, ఆమె మొహం గుంటలా అందులో అలాగే ఉంది. మూసుకున్న కళ్లూ, ముక్కూ, బిగించిన పెదాలూ. ఉన్న పిండి అదే. పారెయ్యడానికి లేదు. చేతులు తడి చేసుకుని పిసికేసింది.

గుల్‌అందాం లేచింది. అలవాటుగా గోడకేసి మొహం తిప్పి, నోరు తెరిచి, మళ్లీ మూసుకుంది. కాసేపయ్యాక, "పొయ్యి రాజుకుందా?" అని మాత్రం అడిగింది.

"రాజుకుందత్తయ్యా."

సనూబర్ రొట్టెలు తందూరులో కొట్టింది. తీసి చూస్తే మూడు. చేతులకి రెండు చెయ్యడం ఇంకా తెలీలేదు.

ఇద్రీస్ ఆగా డప్పు తీసుకెళ్లడానికి వచ్చాడు. గుమ్మంలో చెప్పులు విప్పి, లోపలికి రాగానే, "అస్సలాము అలైకుం, ఉస్తా బైరం," అన్నాడు గోడవైపు తిరిగి. అని, నాలిక కరుచుకున్నాడు.

"వ అలైకుం అస్సలాం," అంది సనూబర్, మొగుడి తరపున. మూడో రొట్టె అతని చేతిలో పెట్టింది.

ముగ్గురూ గోడ కింద కూర్చుని తిన్నారు.